రోజూ పార్కులో 45 నిమిషాల నడక: మెదడుకు చాలుతుందా, చాలదా?

బెంచీ_బ్యాచ్
నడకా మతిమరుపూ అంటూ వాట్సాప్‌లో వారానికొకటి వచ్చి పడుతోంది. ఒకదాంట్లో రోజుకు 10 వేల అడుగులు తప్పనిసరి. ఇంకోదాంట్లో 4 వేలు కూడా అక్కర్లేదు. మూడోది నడిస్తే మెదడే పెరుగుతుందంటుంది. నాలుగోది లండన్‌లో 28 ఏళ్లు చూసి వ్యాయామంతో లాభమే లేదని తేల్చారంటుంది. ఏది నమ్మి చావాలి?
అసలు సంగతి అడుగుతా. మనిషికి 68. బీపీకి ఒక మాత్ర, షుగర్‌కు రెండు. పొద్దున్నే పరగడుపున పార్కులో 45 నిమిషాలు, నలుగురితో కబుర్లాడుకుంటూ. ఈమధ్య పేర్లు చప్పున నోటికి రావడం లేదు. ఈ నడక మెదడుకు పనికొస్తోందా, చెప్పులు అరగడమేనా?

గేటుబయట_ఇడ్లీ
ఆ 45లో బెంచీ మీద ఎన్ని, గేటు దగ్గర రాగిజావ బండి ముందు ఎన్ని? ముందు ఆ పద్దు రాయండి.

లెక్కల_మాస్టారు
నాలుగు మెసేజీలకీ మూలం ఉంది. తోక కత్తిరించి పంపుతున్నారంతే.
10 వేలు: 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల లెక్క యంత్రం పేరులోంచి వచ్చింది. ఆ పేరుకు అర్థమే "పదివేల అడుగుల మీటరు". దాని వెనక పరిశోధన ఏమీ లేదు.
4 వేలు: బ్రిటన్‌లో 40 నుంచి 79 ఏళ్ల మధ్యవాళ్లు 78,430 మంది చేతికి పరికరం కట్టి లెక్కేశారు, 2022లో అచ్చయింది. రోజుకు 3,800 చిల్లర అడుగులు వేసేవాళ్లలో డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు) పావు వంతు తక్కువ, 9,800 దగ్గర సగం తక్కువ. "నడిచేవాళ్లలో తక్కువ కనబడింది" అన్నమాట. "నడవడం వల్లే తగ్గింది" అని ఆ లెక్క చెప్పదు.
మెదడు పెరగడం: 2011 నాటి అమెరికా ప్రయోగం, 120 మంది. లండన్‌ది 2017. ఆ రెంటి గురించి పద్మ గారు, ఘాటు గారు ఎలాగూ కొట్టుకుంటారు, నేను తర్వాత వస్తా.

ఫిజియో_పద్మ
కొట్టుకోవడం తర్వాత. 2011లో వాళ్లు ఏం చేయించారో ఎవరూ చెప్పరు, అది ముందు చెప్తా.
55 నుంచి 80 ఏళ్ల లోపు, అప్పటిదాకా వ్యాయామం అలవాటు లేనివాళ్లు. మొదటి వారం 10 నిమిషాలే. వారానికి 5 నిమిషాలు పెంచుతూ ఏడో వారానికి 40. వారానికి మూడు రోజులు, ఏడాది పాటు. ఆ ఏడు వారాలూ గుండె రిజర్వులో (విశ్రాంతి నాడికీ గరిష్ఠ నాడికీ మధ్య తేడాలో) 50–60 శాతం, ఆ తర్వాత 60–75 శాతం. జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్ నడిచినవాళ్లలో 2 శాతం పెరిగింది. స్ట్రెచింగ్ మాత్రమే చేసినవాళ్లలో 1.4 శాతం తగ్గింది. వయసు మీద పడ్డాక అది ఏడాదికి 1–2 శాతం కరగడం మామూలే కాబట్టి, ఒకటి రెండేళ్ల నష్టం పూడినట్టు.
ఇక 68 ఏళ్ల మనిషికి లెక్క. 208లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసెయ్యండి, సుమారు 160. అది గరిష్ఠం. పొద్దున్న పక్క మీద లేవకముందు నాడి 74 అనుకుందాం. తేడా 86, అదే రిజర్వు. దాంట్లో 60 శాతం 52, దానికి 74 కలిపితే 126. 75 శాతానికి 138. అంటే 126–138 మధ్య 40 నిమిషాలు. కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే చాలామందికి 95–100 దాటదు.

గేటుబయట_ఇడ్లీ
138లో కబుర్లు ఎలా చెప్పాలి?

ఫిజియో_పద్మ
చెప్పకూడదనే. వాక్యం పూర్తిచేయగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, వేగానికి అదీ గుర్తు. అడుగులతో కొలవాలంటే 15 సెకన్లు లెక్కపెట్టండి. 25 వస్తే మధ్యస్థం, 28 వస్తే చురుకు. ఫోన్‌ను నమ్ముకోవద్దు. కాళ్లీడుస్తూ నెమ్మదిగా నడిచేవాళ్ల అడుగులు కొన్ని అది పట్టుకోదు.

మందులచీటీ
పద్మ గారి లెక్కకు ఒక అడ్డుపుల్ల. ఆ బీపీ మాత్ర ఏది? అటెనొలాల్, మెటొప్రొలాల్, బిసొప్రొలాల్ లాంటివైతే నాడిని అవే పట్టి ఉంచుతాయి. 138 కోసం పరుగెత్తితే మనిషి కుప్పకూలతాడు గానీ అంకె రాదు. అలాంటివాళ్లకు "మాట వస్తుంది, పాట రాదు" పద్ధతే దిక్కు. టెల్మిసార్టాన్, ఆమ్లొడిపిన్‌లకు ఈ పేచీ లేదు.
రెండోది, పరగడుపు. షుగర్ మాత్రల్లో గ్లిమెపిరైడ్ గానీ గ్లిక్లజైడ్ గానీ ఉందా? ఇన్సులిన్ ఉందా? ఉంటే ఏమీ తినకుండా వేగం పెంచొద్దు. బయల్దేరే ముందు వేలు పొడిచి చూసుకోండి. 100 లోపుంటే ఒక అరటిపండో రెండు బిస్కెట్లో తిని కదలండి. జేబులో పంచదార పొట్లం ఉండాలి. చేతులు వణకడం, చెమట, మాట తడబడటం వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. షుగర్ పడిపోయి తికమక పడే మనిషిని చూసి "మతిమరుపు మొదలైంది" అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. పైగా షుగర్ అంతలా మాటిమాటికీ పడిపోవడం మెదడుకే చేటు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఈ భయం దాదాపు లేదు.

గుంటూరు_ఘాటు
హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగిందని పండగ చేసుకునేవాళ్లు అదే పేపర్లో ఇంకో వాక్యం ఎందుకు మింగేస్తారు? జ్ఞాపకశక్తి పరీక్షలో రెండు గుంపులూ మెరుగయ్యాయి. నడిచినవాళ్లు స్ట్రెచింగ్ వాళ్లకంటే ఎక్కువేం సాధించలేదు. సైజు పెరిగి పని పెరగకపోతే ఏం చేసుకుంటాం, స్కాన్ ఫొటోకు ఫ్రేము కట్టించుకుంటామా?
పెద్ద ప్రయోగం కావాలంటే 2015 నాటి 'లైఫ్' అనేది చూడండి. 70 నుంచి 89 ఏళ్లవాళ్లు 1,635 మంది. సగం మందికి రెండేళ్లు నడక, బలం, బ్యాలెన్స్. సగం మందికి ఆరోగ్య పాఠాలు. రెండేళ్ల తర్వాత ఆలోచనా శక్తిలో తేడా సున్నా. 2022లో ఇంకోటి, 585 మంది, వ్యాయామమూ ధ్యానమూ రెండూ పెట్టి చూశారు. ఆరు నెలలకు అదీ సున్నా.

అలసటలేని_ఆది
అయితే మానేసి పడుకోమంటావా ఘాటూ?

గుంటూరు_ఘాటు
మానమనలేదు బాసూ. మోకాలికి, గుండెకు, నిద్రకు చెయ్. "అల్జీమర్స్ రాకుండా గ్యారంటీ" అని అమ్మొద్దంటున్నా. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 లెక్క తియ్. డిమెన్షియా కేసుల్లో మన చేతిలో ఉన్న 14 కారణాల వాటా కలిపి 45 శాతం. అందులో కదలకపోవడం వాటా ఎంత? 2 శాతం. వినికిడి లోపానికి 7, చెడ్డ కొలెస్ట్రాల్‌కు 7, ఒంటరితనానికి 5. చెవిలో మిషన్ పెట్టుకోమంటే ముసలితనం బయటపడుతుందని సిగ్గు, బూట్లు మాత్రం ఆరు వేలవి.

లెక్కల_మాస్టారు
చెవి మిషన్ మాట నిజం. కానీ 2 శాతాన్ని అలా చదవకూడదు. బీపీ, షుగర్, ఊబకాయం, డిప్రెషన్, కొలెస్ట్రాల్ అన్నిటికీ ఆ పట్టికలో వేరే గళ్లున్నాయి. వ్యాయామం పనిచేసేదే చాలావరకు వాటి గుండా. ఆ గళ్లలోకి పోయాక మిగిలినదే ఆ 2. పప్పులో వేసిన ఉప్పు ఎంతో గిన్నె అడుగున చూసి చెప్పినట్టుంటుంది.
లండన్ సంగతి. 10,308 మంది గుమాస్తాలు, అధికారులు, మొదలెట్టినప్పుడు 35–55 ఏళ్లు. 28 ఏళ్లు వెంటపడితే నడివయసు వ్యాయామానికీ డిమెన్షియాకూ సంబంధం దొరకలేదు. కానీ అసలు విషయం వేరే. జబ్బు బయటపడిన వాళ్లలో అంతకు 9 ఏళ్ల ముందునుంచే కదలికలు తగ్గుతూ వచ్చాయి. అంటే కూర్చోబట్టి జబ్బు రావడం కాదు, జబ్బు లోపల మొదలై మనిషిని కూర్చోబెట్టి ఉండొచ్చు. 2019లో 19 అధ్యయనాలు, 4,04,840 మందిని కలిపి చూసినా ఇదే బొమ్మ. అందుకే నేను పైన చెప్పిన బ్రిటన్ అడుగుల లెక్కను సగం నమ్మండి. వాళ్లను చూసింది సగటున ఏడేళ్లే.

డల్లాస్_డాబా
స్వీడన్ ఆడవాళ్ల లెక్క మర్చిపోయారు మాస్టారూ. గోథెన్‌బర్గ్‌లో 1968లో సైకిల్ తొక్కించి దమ్ము కొలిచారు, 44 ఏళ్లు చూశారు. బాగా దమ్మున్నవాళ్లలో 5 శాతానికే డిమెన్షియా, తక్కువ ఉన్నవాళ్లలో 32.

లెక్కల_మాస్టారు
మర్చిపోలేదు. మొత్తం 191 మంది. బాగా దమ్మున్నవాళ్లు 40 మందే, అంటే 5 శాతం ఇద్దరు. ఇంకో ఇద్దరికి వచ్చి ఉంటే హెడ్డింగు మారిపోయేది. అయినా అందులో నాకు నచ్చింది ఒకటుంది. "రోజూ వ్యాయామం చేస్తారా?" అని అడిగి రాసుకోలేదు, సైకిల్ మీద కూర్చోబెట్టి కొలిచారు. అడిగితే అందరూ చేస్తున్నామనే అంటారు, ఆ 45 నిమిషాల మాదిరిగానే.

బెంచీ_బ్యాచ్
తగిలింది. మాత్రలు చూశాను, బీపీకి టెల్మిసార్టాన్, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. మరి ఏం చెయ్యాలో తేల్చండి. ఘాటు గారు వద్దంటారు, పద్మ గారు 138 అంటారు.

డల్లాస్_డాబా
ఒంటరిగా వ్యాయామం కాకుండా కలిపి చేసినవే కాస్త ఫలించాయి. ఫిన్లాండ్‌లో ఫింగర్ అనే ప్రయోగం: 60–77 ఏళ్లవాళ్లు 1,260 మంది, రెండేళ్లు. తిండి, వ్యాయామం, మెదడుకు మేత, బీపీ-షుగర్ నిఘా నాలుగూ కలిపితే పరీక్షల్లో మెరుగుదల పక్క గుంపుకంటే 25 శాతం ఎక్కువ. అమెరికాలో అదే నమూనాతో పాయింటర్, 2,111 మంది, 2025లో వచ్చింది. వెంటపడి చేయించినవాళ్లూ, కాగితం ఇచ్చి మీరే చేసుకోండన్నవాళ్లూ ఇద్దరూ మెరుగయ్యారు. వెంటపడి చేయించిన గుంపు కాస్త ఎక్కువ. తేడా చిన్నదే. ఏమీ చేయని మూడో గుంపు లేదు కాబట్టి, అదే పరీక్ష మళ్లీ మళ్లీ రాసిన అలవాటు ఎంతో చెప్పడం కష్టం.

మందులచీటీ
గ్లిమెపిరైడ్ ఉందన్నమాట. నా పై పోస్టు మళ్లీ చదవండి. వేగం పెంచే ముందే డాక్టరుకు చెప్పండి, డోసు ఆయనే చూస్తారు. సొంతంగా మానొద్దు.
బీపీ గురించి ఒక ముక్క. 2019 స్ప్రింట్ ప్రయోగంలో 9,361 మంది. పై అంకెను 140కి కాక 120కి దించితే, డిమెన్షియాకు ముందు మెట్టయిన మతిమరుపు 19 శాతం తగ్గింది. డిమెన్షియాలో తగ్గుదల మాత్రం లెక్కకు నిలబడలేదు. అందులో షుగర్ ఉన్నవాళ్లను చేర్చుకోలేదు, కాబట్టి ఆ 120ని తెచ్చి ఈ మనిషికి అంటించకండి. ఇంకోటి, కూర్చుని ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాలకు ఒకసారి బీపీ చూడండి. పై అంకె 20 పడితే తల తిరిగి పడే ప్రమాదం. ప్రొస్టేట్‌కు టామ్సులోసిన్ వేసుకునేవాళ్లు మరీ జాగ్రత్త. తల గోడకు తగిలి, పైన రక్తం పలచబడే మందు కూడా ఉంటే, మూడు వారాల తర్వాత మెల్లగా మొదలయ్యే "మతిమరుపు" పుర్రె లోపల చేరిన రక్తం కావచ్చు.

ఫిజియో_పద్మ
138 మొదటి రోజే అనలేదండీ. 10 నిమిషాల వేగం, ముందూ వెనకా ఐదేసి నిమిషాలు నింపాదిగా. వారానికి ఐదు నిమిషాలు. పార్కులో 45 నిమిషాలు అలాగే ఉంచి, మధ్యలో ఈ ముక్క పెంచుకుంటూ పోవడమే. ఛాతీలో బిగువు, దవడకో ఎడమ చేతికో లాగుడు, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే ఆపి డాక్టరు దగ్గరికే, బెంచీ దగ్గరికి కాదు.
దీనికన్నా ఎక్కువ మర్చిపోయేది బలం. వాంకూవర్‌లో 65–75 ఏళ్ల ఆడవాళ్లు 155 మందితో 2010లో చేశారు. వారానికి ఒకసారో రెండుసార్లో బరువులెత్తినవాళ్లకు, ఏడాది తర్వాత దృష్టి మళ్లకుండా పట్టి ఉంచే పరీక్షలో 11–13 శాతం మెరుగు. జిమ్ అక్కర్లేదు, కుర్చీ చాలు.
చేతుల్లేని గట్టి కుర్చీ, కూర్చునే చోటు 17 అంగుళాల ఎత్తు. ప్లాస్టిక్‌ది జారుతుంది, వీపు వైపు గోడకు ఆనించండి. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటారో లెక్కపెట్టండి. 65–69 ఏళ్ల మగవాళ్లకు 12, ఆడవాళ్లకు 11 కన్నా తగ్గితే కాళ్లు బలహీనం. 12 రాకపోతే అదే వ్యాయామం: 8 సార్లు, మూడు విడతలు, మధ్య రెండు నిమిషాల విరామం, వారానికి రెండు రోజులు. తేలికయ్యాక సంచీలో రెండు లీటర్ల నీళ్ల సీసా పెట్టి ఛాతీకి హత్తుకుని. సామాన్యంగా జరిగే తప్పులు మూడు. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టడం, బీపీ చటుక్కున ఎగురుతుంది, లేస్తూ గాలి వదలాలి. దబ్బున కూలబడటం, దిగడానికి మూడు లెక్కపెట్టాలి. మోకాళ్లు లోపలికి ఒరగడం, మధ్యలో ఒక దిండు పెట్టుకుంటే తెలుస్తుంది. షుగర్ వల్ల కంటి లోపల రక్తస్రావం ఉన్నవాళ్లు బరువులకు ముందు కంటి డాక్టరును అడగాలి.

అలసటలేని_ఆది
చెవులు పట్టుకుని గుంజీళ్లు తీస్తే మెదడు పదునెక్కుతుందని వీడియో ఉంది కదా. స్కూల్లో మాస్టారు కొట్టింది కూడా సైన్సే అన్నమాట.

ఫిజియో_పద్మ
గుంజీళ్లు మంచివే, తొడలకు. చెవులకు ఏ పాత్రా లేదు. పైగా రెండు చేతులూ చెవుల దగ్గరుంటే పడేటప్పుడు పట్టుకోడానికి చెయ్యి ఉండదు.

లెక్కల_మాస్టారు
ఆ క్లాసులో నేర్చిన ఎక్కాలు మాత్రం పనికొస్తాయి. నడుస్తూ 100 నుంచి 7 చొప్పున వెనక్కి లెక్కపెట్టమనండి. మాట మొదలెట్టగానే కాళ్లు ఆగిపోయే మనిషి పడిపోయే అవకాశం ఎక్కువని 1997 నుంచీ తెలుసు. చదునైన చోట, పక్కన మనిషి ఉండగా మాత్రమే. రోడ్డు దాటుతూ కాదు.

కోలాటం_కమల
దానికన్నా కోలాటం నయం. అడుగు, తాళం, పక్క మనిషి కర్ర ఎటు వస్తుందో, తర్వాతి వరస ఏమిటో, అన్నీ ఒకేసారి. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 75 దాటిన 469 మందిని చూసిన 2003 అధ్యయనంలో ఒంటిపనుల్లో డిమెన్షియా తక్కువగా కనబడింది నాట్యం ఒక్కదానికే. తెలిసిన నాలుగు కోపులే ఏడాదంతా తిప్పితే లాభం లేదు, నెలకొక కొత్త కోపు. మోకాళ్లు అరిగినవాళ్లు గెంతే కోపులు వదిలేసి నడిచే కోపులు వెయ్యాలి. నేల సిమెంటుది కాకపోతే మంచిది.

గుంటూరు_ఘాటు
అదీ పరిశీలనే, ప్రయోగం కాదు. నాట్యం చేయగలిగే మెదడు ఉన్నవాళ్లే నాట్యం చేస్తున్నారేమో. కానీ కోలాటం మీద నాకు కోపం లేదు. బెంచీ మీద రాజకీయాలకన్నా మేలు.

తోటలో_మల్లి
అడ్డొస్తున్నా. ఇప్పటికే డిమెన్షియా అని తేలినవాళ్లకు ఇదంతా చేయిస్తే తగ్గుతుందా? 77 ఏళ్ల పెద్దావిడ, మధ్యస్థ దశ.

ఫిజియో_పద్మ
జబ్బు తగ్గదు మల్లి గారూ, ఆ ఆశ పెట్టుకోకండి. ఇంగ్లండులో 494 మందితో చేశారు, 2018లో వచ్చింది. నాలుగు నెలలు గట్టిగానే చేయించారు. ఒంటి దారుఢ్యం పెరిగింది, మతిమరుపు వేగం తగ్గలేదు. ఏడాదికి స్కోరు వ్యాయామం చేసినవాళ్లలోనే కాస్త అధ్వాన్నం.
కానీ మంచం మీంచి లేవడం, బాత్రూమ్‌కు నడవడం, రాత్రి నిద్ర, వీటి కోసం చేయించాలి. రోజూ ఒకే వేళ, ఒకే దారి. సాయంత్రం చిరాకు పెరిగే మనిషైతే అంతకుముందే, నాలుగింటి లోపు. "కుడి కాలు ఎత్తండి" అని చెప్తే ఎక్కదు, ఎదురుగా నిలబడి చేసి చూపాలి. ఒకసారికి ఒక్క పని. చంకలో చెయ్యి వేసి లాగొద్దు, భుజం జారుతుంది. నడుముకు పాత పంచె బెల్టులా కట్టి అది పట్టుకోండి. పది నిమిషాలు చాలు, రెండు పూటలా.

తోటలో_మల్లి
పంచె సంగతి ఎవరూ చెప్పలేదు ఇంతవరకు. ఈ రోజే కడతా.

మందులచీటీ
మొదటి పోస్టులో పేర్లు గుర్తు రావడం లేదన్నారు, దాన్నెవరూ పట్టించుకోలేదు. పేరు అప్పుడు రాక, అరగంట తర్వాత స్నానం చేస్తుంటే తట్టడం వయసు. అడిగిందే అడగడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, పాలవాడి లెక్క తప్పడం, అదీ ఆయనకు తెలియక ఇంట్లోవాళ్లకు తెలియడం వేరు. ఎలాగైనా బి12, థైరాయిడ్ చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 పడిపోతుంది, శాకాహారైతే ఇంకా. చెవులూ చూపించండి. పేరు సరిగ్గా వినబడకపోతే గుర్తెలా ఉంటుంది?

గేటుబయట_ఇడ్లీ
గాలి గురించి? చలికాలం హైదరాబాద్‌లో ఐదింటికే మెయిన్ రోడ్డు పక్కన నడిచేవాళ్లున్నారు.

లెక్కల_మాస్టారు
లాన్సెట్ పట్టికలో గాలి కాలుష్యానికి 3 శాతం, కదలకపోవడం కన్నా ఎక్కువ. చలికాలం తెల్లవారుజామున పొగ నేల మీదే కూచుంటుంది. ఎండెక్కాక ఎనిమిది తర్వాత, పార్కు లోపలి దారిలో. ఎండాకాలం తిరకాసు, బెజవాడలో ఎనిమిదింటికి నడిస్తే వేరే జబ్బు. అప్పుడు ఆరు లోపే, లేదా ఇంట్లో పద్మ గారి కుర్చీ.

బెంచీ_బ్యాచ్
కాగితం మీద రాశా. సోమ, బుధ, శుక్ర వేగం, 10 నిమిషాలతో మొదలు. మంగళ, శని కుర్చీ. రేపు బి12, థైరాయిడ్, గ్లిమెపిరైడ్ సంగతి డాక్టరుతో. నాడి మాత్రం ఒకసారి 74, ఇంకోసారి 96 వస్తోంది. ఆయన బొటనవేలితో చూస్తున్నారు.

ఫిజియో_పద్మ
బొటనవేలికి దాని నాడి దానికుంది, రెండూ కలిసి లెక్క పాడవుతుంది. చూపుడు వేలు, మధ్య వేలు. మణికట్టు మీద బొటనవేలి వైపు. 30 సెకన్లు, రెండుతో గుణించండి. వేళ్లు సరిగ్గా పెట్టినా కొట్టుకోవడం తాళం తప్పుతుంటే అంకె రాసుకోవడం ఆపి ఈసీజీ తీయించండి, వేగం ఆ తర్వాతే.

గేటుబయట_ఇడ్లీ
రాగిజావకు ఏ వారం?